సబ్మిట్ బటన్‌ని డిజేబుల్ చేయకండి

"తప్పనిసరి ఫీల్డుల పక్కన ఎర్ర నక్షత్రం పెట్టండి. ప్లేస్‌హోల్డర్‌లో ‘తప్పనిసరి’ అని రాయండి. అన్నీ నింపేదాకా సబ్మిట్ బటన్ డిజేబుల్ చేయండి. రిక్వయిర్డ్ బదులు ఏరియా-రిక్వయిర్డ్ వాడండి. స్క్రీన్ రీడర్ వాళ్ళకి ఇక ఏ ఇబ్బందీ ఉండదు." వెబ్ ఫారాలు తయారుచేసేవాళ్ళ మధ్య ఈ మెసేజ్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. పంపినవాళ్ళలో ఒక్కరైనా మానిటర్ ఆపేసి, ఎన్‌వీడీఏ (తెరమీది మాటలను చూపులేనివాళ్ళకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్) పెట్టుకుని, ట్యాబ్ కొడుతూ ఒక ఫారం నింపి చూశారా?

నక్షత్రం ఉంటే ఉండనివ్వండి. విరామచిహ్నాల సెట్టింగ్‌ని బట్టి అది వినపడొచ్చు, పడకపోవచ్చు. లేబుల్‌లోనే "పేరు (తప్పనిసరి)" అని రాయండి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పండి, లేకపోతే ఇంగ్లిష్ గొంతు ఆ మాటను చదవబోయి పాడుచేస్తుంది.

ప్లేస్‌హోల్డర్, అంటే ఖాళీ ఫీల్డ్‌లో లేతగా కనిపించే సూచన, ఒక్క అక్షరం కొట్టగానే మాయమవుతుంది. దాని మీద ఆధారపడకండి.

అసలు హాని మూడో సలహాలో ఉంది. డిజేబుల్ చేసిన బటన్ మీద ట్యాబ్ ఆగదు. చివరి ఫీల్డ్ దాటగానే ఫోకస్ (కీబోర్డు ఇప్పుడున్న చోటు) పేజీ అడుగున ఉండే ఫుటర్ లింకుల మీదికి పోతుంది, వినేవాళ్ళకి ఆ ఫారంలో బటనే లేదు. బాణం మీటలతో వెతికి పట్టుకున్నా ‘అన్‌అవైలబుల్’ అంటుంది, ఎందుకో చెప్పదు. పిన్‌కోడ్‌లో ఐదంకెలే పడ్డాయా? జిల్లా ఎంచుకోలేదా? తెలియాలంటే ఫారమంతా మళ్ళీ మొదటినుంచి వినాలి. పరీక్ష ఫీజు గడువు ఆఖరి రాత్రి ఇలా జరిగితే ఆ ఏడాది ఎవరు తిరిగిస్తారు? డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టే చెప్పింది.

బటన్ ఎప్పుడూ పనిచేయాలి. బటన్ నొక్కాక తప్పులు చూడండి. తప్పున్న మొదటి ఫీల్డ్ మీదికి ఫోకస్ పంపండి, అక్కడ తప్పుందని స్క్రీన్ రీడర్‌కి చెప్పే ఏరియా-ఇన్‌వ్యాలిడ్‌ని కోడ్‌లో ట్రూ చేయండి. "పిన్‌కోడ్‌కి 6 అంకెలు కావాలి" అన్న వాక్యానికి ఐడీ ఇచ్చి, ఏరియా-డిస్క్రైబ్డ్‌బైతో ఫీల్డ్‌కి ముడిపెట్టండి.

నాలుగో మాట మాత్రం సరైనదే, ఒప్పుకుంటున్నాను. ఫీల్డ్ కోడ్‌లో తప్పనిసరి అని చెప్పే ఉత్త రిక్వయిర్డ్ పెడితే, కొన్ని బ్రౌజర్లలో ఖాళీ ఫీల్డ్‌లోకి వెళ్ళగానే, ఒక్క అక్షరం కొట్టకముందే, ఎన్‌వీడీఏ ‘ఇన్‌వ్యాలిడ్ ఎంట్రీ’ అంటుంది. ఏరియా-రిక్వయిర్డ్‌తో ఆ బెడద లేదు. కానీ అది చెబుతుందే తప్ప ఆపదు, తనిఖీ కోడ్ మీరే రాయాలి. రేడియో బటన్లకైతే ఒక్కోదానికి కాకుండా, వాటన్నిటినీ కలిపి పట్టుకునే, కోడ్‌లో రేడియోగ్రూప్ రోల్ ఇచ్చిన పెట్టెకి పెట్టాలి.

మళ్ళీ ఫార్వర్డ్ చేయాలనుకుంటే ఆ మూడో వాక్యం తీసేసి పంపండి.