మొదటి రక్తనమూనాలోనే చూడాలి

బెంగళూరులో మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో ఉండే మన కుర్రాడికి అర్ధరాత్రి పైకడుపులో నొప్పి మొదలై వీపులోకి పొడుచుకుపోతుంది. ఒకటే వాంతులు. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం, వెల్లకిలా పడుకోలేడు. గ్యాసేమోనని మాత్ర మింగి తెల్లవార్లూ ఓర్చుకుంటాడు. తీరా ఆసుపత్రిలో తేలేది అక్యూట్ పాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి తన జీర్ణరసాలకు తానే బలయ్యే జబ్బు.

ఎక్కువమంది వారంలో ఇంటికెళ్తారు. కొందరికి మాత్రం ఊపిరితిత్తులో మూత్రపిండాలో దెబ్బతిని 48 గంటలు దాటినా కోలుకోవు. ప్రాణాల మీదికి వచ్చేది అప్పుడే. పిత్తాశయంలో రాళ్లు, మద్యం ప్రధాన కారణాలన్నది నిజమే. తాగినవాడికే వస్తుందనుకోవడం మాత్రం తప్పు, అది రోగిని అవమానించడం కూడా. జబ్బు ఎంత ముదురుతుందన్నది నొప్పికి ముందే ఒంట్లో పేరుకున్నదాని మీదా ఆధారపడుతుంది. క్లోమం నుంచి కారిన లైపేజ్ అనే ఎంజైమ్ పొట్టలోపలి కొవ్వును విడగొడుతుంది. అలా పుట్టిన ఫ్యాటీ ఆమ్లాలు కణాలను విషంలా దెబ్బతీస్తాయి. కొవ్వు ఎంత ఎక్కువుంటే ఆ మంటకు అంత ఇంధనం. షుగర్, బీపీ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ముందుకొచ్చిన మనవాళ్లకు బరువు తూకం అసలు సంగతి చెప్పదు. టేపు చెబుతుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరు రక్తంలో 1,000 మిల్లీగ్రాములు దాటితే అవే ఈ జబ్బుకు కారణం కాగలవు. అదుపు తప్పిన షుగర్, మద్యం వాటిని అక్కడిదాకా తీసుకెళ్తాయి. అయితే నోటికి ఏమీ పెట్టకుండా సెలైన్ మీద ఉంచితే ఒకటి రెండు రోజుల్లోనే ఆ అంకె వేగంగా పడిపోతుంది. మూడోరోజు తీరిగ్గా లిపిడ్ ప్రొఫైల్‌కు, అంటే రక్తంలో కొవ్వుల పరీక్షకు పంపితే అసలు దోషి దొరకడు, జబ్బు మళ్లీ వస్తుంది. అందుకే ఎమర్జెన్సీలో తీసే మొదటి రక్తంతోనే ట్రైగ్లిజరైడ్లు, షుగర్, కాల్షియం చూడాలన్నది మా డిమాండ్. ట్యూబును నిలబెట్టినప్పుడు పైన పాలమీగడలా తెల్లటి పొర తేలితే ల్యాబ్ టెక్నీషియన్ వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. అలాంటి రక్తంలో క్లోమం విడుదల చేసే మరో ఎంజైమ్ అమైలేజ్ మామూలుగా కనిపించి మోసం చేయవచ్చు, సోడియం లేనిపోని తక్కువ చూపవచ్చు. లైపేజ్ మామూలు గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు పెరిగిందా అన్నది చూడాలి.

సెలైన్ ఎంత ఎక్కిస్తే అంత మంచిదన్న అలవాటూ పోవాలి. అతిగా ఎక్కిస్తే ఒంట్లో నీరు నిండిపోతుందే తప్ప జబ్బు తీవ్రత తగ్గదని 2022లో వాటర్‌ఫాల్ అనే క్లినికల్ ట్రయల్ చూపింది.

ఇక కంపెనీలు ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్టులు మెయిల్లోనే పడి ఉంటున్నాయి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటిన ఉద్యోగిని ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి పంపాలి. ఒకసారి ఈ జబ్బు పడి లేచినవారికి తర్వాత షుగర్ రావచ్చు కనుక, డిశ్చార్జి కాగితం మీద షుగర్, ట్రైగ్లిజరైడ్ల పరీక్ష మళ్లీ ఏ తేదీన చేయించుకోవాలో ఆసుపత్రులు రాసి ఇవ్వాలి.