పొట్టలో చుక్క ఎవరికి కావాలి?

తెలుగు అక్షరానికి ఎన్ని నగలో చూడండి. నెత్తిన తలకట్టు, పక్కన కొమ్ము, కింద వత్తు, అదీ చాలక పొట్టలో చుక్క. ఈ దుబారాను అరికట్టడానికి మా తిరుపతి ఫ్లెక్సీ షాపులు చేస్తున్న సేవను ఇంతవరకు ఎవరూ గుర్తించలేదు.

సాధనం ఒక్కటే, బోల్డ్ జామెట్రీ ఫాంట్. వృత్తలేఖినితో చుట్టి, స్కేలుతో చెక్కి, ఆపైన బాగా మేపిన అక్షరాలు. దీనికి పెద్దదిక్కు ఫ్యూచురా అనే ఇంగ్లీషు అక్షరాల ఫాంట్. 1927లో జర్మనీలో పాల్ రెన్నర్ చేశాడు. ఆయనకు మొహమాటం ఎక్కువ. గీతలు కలిసేచోట ముద్దగా కనిపిస్తుందని అక్కడ కాస్త సన్నం చేశాడు. 1969లో అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీద వదిలొచ్చిన ఫలకంలోనూ ఆ అక్షరాలే. అక్కడ చదివేవాళ్ళు లేరు కాబట్టి ఇంతవరకు ఫిర్యాదు రాలేదు.

మొన్న మా బావమరిది ట్రావెల్స్ పెట్టాడు. బోర్డు కోసం లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక షాపుకెళ్ళాం.

"ఇంకొంచెం లావు చేస్తే బస్టాండు దాకా కనపడతాది సామీ" అన్నాడు కుర్రాడు.

"చెయ్ నాయనా. బావా, అక్షరం లావుగా ఉంటే పార్టీకి నమ్మకం" అన్నాడు మావాడు.

కుర్రాడు అక్షరం చుట్టూ పసుపు గీత వేశాడు, దాని చుట్టూ తెలుపు, దాని చుట్టూ ఎరుపు. తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు మూసుకుపోయి 'ప' కాస్తా 'వ' అయింది. కాణిపాకం కాణివాకమైంది. పాపవినాశనం 'వావవినాశనం' అయింది, వావీ వరసా లేని మాట. కింద గంటు పూడిపోయి భక్తులు బక్తులయ్యారు. ఈ తప్పుకే బడిలో మా అయ్యవారు తొడపాశం పెట్టేవారు. ఇప్పుడు చదరపు అడుక్కింత అని తీసుకుంటున్నారు.

వరసల మధ్య చోటు కూడా దండగేనని తగ్గించాడు. దాంతో శ్రీకాళహస్తిలోని త వత్తు జారి కింది ఫోటోలో మావాడి పైపెదవి మీద వాలింది. ఇన్నేళ్ళుగా సరిగ్గా మొలవని మీసం ఒక్క క్లిక్కుతో వచ్చింది. తీసేస్తానంటే వాడే వద్దన్నాడు.

అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కినవాళ్ళకి పాపం ఈ ఫాంట్ దొరకలేదు. రేకుకి రెండక్షరాలు పట్టేవి, పల్లవి పూర్తికాకముందే రాగి అయిపోయేది, వాళ్ళకు బోలెడు శ్రమ తప్పేది.

ఇక ఫోన్ నంబరు. 6, 8, 9, 0 నాలుగూ లడ్డూల్లా ఒకే తీరుగా వచ్చాయి. సమానత్వం అంటే ఇదీ. బోర్డు పెట్టి నెలయింది. ఫోన్లు బాగానే వెళ్తున్నాయట, చిత్తూరులో ఒక టైర్ల షాపాయనకి. మొదట్లో ఆయన తిట్టి పెట్టేసేవాడు. పోయిన వారం సెకండ్‌హ్యాండ్ సుమో కొని కాణిపాకం ట్రిప్పులు మొదలుపెట్టాడు. బోర్డు మాత్రం కొట్టించలేదు.