సముద్రాన్ని వేలం వేస్తే కరెంటు రాదు

ఉత్తర సముద్రంలో 2,500 మెగావాట్ల గాలిమరలకు సరిపడే రెండు స్థలాలను జర్మనీ 2025 ఆగస్టులో వేలానికి పెడితే ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. అంతకు రెండేళ్ల ముందు ఇదే జర్మనీలో 7,000 మెగావాట్ల స్థలాల కోసం రెండు చమురు దిగ్గజాలు 1,260 కోట్ల యూరోలు కడతామన్నాయి. 2024 డిసెంబరులో డెన్మార్క్ పిలిచిన 3,000 మెగావాట్ల టెండరుకూ బిడ్లు పడలేదు. 2023 బ్రిటన్ వేలంలో సముద్ర పవన విద్యుత్తుదీ అదే పరిస్థితి. ఈ తీరాల్లో గాలి తగ్గలేదు. సాంకేతికత వెనక్కీ పోలేదు. సముద్రాన్ని ఖజానా నింపే ఆస్తిగా చూసి, నష్టభయమంతా గాలిమరలు నిర్మించే కంపెనీల నెత్తిన పెట్టిన విధానాలే బెడిసికొట్టాయన్నది మా అభిప్రాయం.

అలాగని ఈ రంగాన్ని వదులుకోవడం ఏ దేశానికీ తగదు. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కొండలు, చెట్లు, భవనాలు అడ్డులేని సముద్రం మీద గాలి నేలమీద కంటే బలంగా, నిలకడగా వీస్తుంది. అందుకే కొత్త సముద్ర పవన క్షేత్రాలు ఏడాది మొత్తం మీద పూర్తి సామర్థ్యంలో 40 నుంచి 50 శాతం దాకా కరెంటు ఇవ్వగలుగుతున్నాయి. సౌర ఫలకాలు ఆ దరిదాపులకు రాలేవు. సూర్యుడు లేని రాత్రుళ్లలోనూ, మబ్బు కమ్మిన చలికాలంలోనూ ఈ మరలు తిరగగలవు. తీరాల్లోని గాలి నుంచి ఏటా 4,20,000 టెరావాట్ అవర్ల (ఒక టెరావాట్ అవర్ అంటే వంద కోట్ల యూనిట్లు) విద్యుత్తు తీసే వీలుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2019లో లెక్కగట్టింది. అప్పటి ప్రపంచ విద్యుత్ అవసరాలకు అది 18 రెట్లు. అందులో నూరో వంతు చేతికందినా ఆ అవసరాల్లో ఆరో వంతుకు పైగా తీరేది.

1991లో డెన్మార్క్‌లోని విండెబీ దగ్గర 11 గాలిమరలతో వెలిసిన తొలి క్షేత్రం సామర్థ్యం 5 మెగావాట్లే. ఇవాళ ఒక్క టర్బైనే 15 మెగావాట్లు ఇస్తోంది. బ్రిటన్ తూర్పు తీరానికి దూరంగా డాగర్ బ్యాంక్‌లో 277 టర్బైన్లతో 3,600 మెగావాట్ల క్షేత్రాన్ని తలపెట్టారు. 2024 చివరికి ప్రపంచం మొత్తం మీద 83,000 మెగావాట్లు ఏర్పాటయ్యాయి. అందులో సగం చైనాదే.

మరి చిక్కు ఎక్కడ? గాలికి ధర కట్టనక్కర్లేదు. కానీ పునాదులు, స్తంభాలు, రెక్కలు, కేబుళ్లు అన్నింటికీ తొలి యూనిట్ కరెంటు అమ్మకముందే డబ్బు పోయాలి. అదీ ఎక్కువగా అప్పు తెచ్చి. కాబట్టి వడ్డీ కొద్దిగా పెరిగినా ప్రాజెక్టు లెక్క మొత్తం తారుమారవుతుంది. 2022 తర్వాత ఉక్కు ధరా, వడ్డీ రేటూ కలిసి పెరిగాయి. ఖర్చు 40 శాతం దాకా పెరిగిందంటూ 2023 జులైలో ఒక సంస్థ బ్రిటన్‌లో నార్ఫోక్ బోరియస్ అనే సముద్ర పవన ప్రాజెక్టు పనులు ఆపేసింది. అదే ఏడాది చివర్లో అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో ఓషన్ విండ్ ప్రాజెక్టులు రెండూ రద్దయ్యాయి. ఇంత సున్నితమైన లెక్కలో స్థలానికి వేలకోట్ల పాట కూడా కలిస్తే ఆ భారం చివరికి కరెంటు బిల్లులోకే చేరుతుంది. ప్రభుత్వం ఒక చేత్తో తీసుకున్న సొమ్మును ప్రజలు మరో చేత్తో కట్టాల్సి వస్తుంది. దీన్ని ఆదాయం అనడం సరికాదు.

ఇంతకంటే మెరుగైన దారి ఉంది. ప్రభుత్వం యూనిట్ ధరను ముందే ఖాయం చేస్తుంది. మార్కెట్ ధర దాని కిందికి పడితే తేడా ప్రభుత్వం భరిస్తుంది. పైకి పోతే తేడాను కంపెనీ తిరిగి కట్టాలి. ఆదాయానికి ఈ భరోసా ఉంటే బ్యాంకులు తక్కువ వడ్డీకి అప్పిస్తాయి. 2023లో బ్రిటన్‌లో ఈ పద్ధతి ఉన్నా, గరిష్ఠ ధరను మెగావాట్ అవర్‌కు (వెయ్యి యూనిట్లకు) 2012 ధరల లెక్కన 44 పౌండ్లకే పరిమితం చేయడంతో ఎవరూ రాలేదు. మరుసటి ఏడు దాన్ని 73 పౌండ్లకు పెంచగానే కంపెనీలు తిరిగొచ్చాయి. డెన్మార్క్ కూడా 2025లో ప్రభుత్వ సాయంతో మళ్లీ టెండరుకు సిద్ధపడింది.

అయితే ధర సరిచేస్తే అన్నీ సర్దుకుంటాయని మేం చెప్పడం లేదు. బ్రిటన్‌లో 2024 వేలంలో గెలిచిన హార్న్‌సీ-4 ప్రాజెక్టునే 2025 మేలో ఆపేశారు. సామగ్రి ఖర్చులు, వడ్డీలు, నిర్మాణంలో ఎదురయ్యే ఇబ్బందులు అందుకు కారణాలన్నారు. నూరు మీటర్లు దాటిన రెక్కలను ఎత్తి బిగించగల నౌకలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. టర్బైన్ సైజు పెరిగినప్పుడల్లా పాత నౌక పనికిరాకుండా పోతోంది. నౌకల కొరతా, ప్రతికూల వాతావరణమూ డాగర్ బ్యాంక్ తొలి దశను ఆలస్యం చేశాయి. ఇంకా పెద్ద టర్బైన్ కోసం తయారీదారుల మధ్య సాగుతున్న పరుగు కొన్నేళ్లు ఆగితే రేవులూ కర్మాగారాలూ తేరుకుంటాయి. తీరానికి దూరమైన కొద్దీ మామూలు ఏసీ కేబుల్ పనికిరాదు. డీసీకి మార్చే కేంద్రాలను నడిసంద్రంలోనే కట్టాలి, వాటిని తయారుచేసే సంస్థలు వేళ్లమీద లెక్కించదగినన్ని. అందుకే గ్రిడ్డూ రేవూ ముందు, వేలం తర్వాత అన్న క్రమం పాటించాలి.

లోతు మరో అడ్డంకి. దాదాపు 60 మీటర్ల లోతు దాటితే అడుగున పునాది వేయడం గిట్టుబాటు కాదు. తేలే గాలిమరలు పనిచేస్తాయని 2017లో స్కాట్లాండ్ దగ్గర హైవిండ్ క్షేత్రం నిరూపించింది గానీ, వాటి ఖర్చు ఇంకా దిగిరావాలి.

అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నది వేరే ఉంది. మ్యాపులో ఖాళీగా కనిపించే సముద్రం నిజానికి ఖాళీ కాదు. రాడార్లకు అడ్డమంటూ 2024 నవంబరులో స్వీడన్ బాల్టిక్ సముద్రంలో 13 పవన ప్రాజెక్టులను తిరస్కరించింది. సైన్యం మాట అలా చెల్లుతుంది. డాల్ఫిన్లను పోలిన సముద్రపు పందులకు, తిమింగలాలకు మాట్లాడే నోరు లేదు. పునాది స్తంభాలను అడుగులోకి దించే సమ్మెట దెబ్బల మోత నీటిలో కిలోమీటర్ల దూరం వాటిని తరిమేస్తుంది. స్తంభం చుట్టూ గాలి బుడగల తెర కడితే ఆ మోత బాగా తగ్గుతుంది. జర్మనీ 750 మీటర్ల దూరంలో 160 డెసిబెళ్ల పరిమితి పెట్టి దాన్ని అమలు చేయించింది. అలాంటి నిబంధనను ఖర్చు పేరుతో ఏ దేశం దాటవేసినా అది క్షమించరానిది.

మత్స్యకారుల సంగతి మరీ అన్యాయం. చట్టం నిషేధించని చోట కూడా, అడుగున కేబుళ్లున్న నీళ్లలో వల ఈడ్చడానికి ఎవరు సాహసిస్తారు? 2024 జులైలో అమెరికాలోని వైన్‌యార్డ్ విండ్ క్షేత్రంలో ఒక రెక్క విరిగి, దాని ముక్కలు నాంటకెట్ దీవి తీరానికి కొట్టుకొచ్చినప్పుడు బీచ్‌లు మూసేయాల్సి వచ్చింది. ఇలాంటి భయాలను అజ్ఞానమని కొట్టిపారేస్తే వ్యతిరేకత కోర్టుల దాకా పోతుంది, ప్రాజెక్టులు ఏళ్ల తరబడి నానుతాయి. చేపలు ఏ నెలలో ఎక్కడ గుడ్లు పెడతాయో, ఏ దారిన కదులుతాయో వేటకు వెళ్లేవాళ్లకు తెలుసు. స్థలాలు ఖరారయ్యాక అభిప్రాయ సేకరణ పేరిట వాళ్లను పిలవడం తంతు మాత్రమే. హద్దులు గీసే బల్ల దగ్గరే వాళ్లకు చోటివ్వాలి. ఒకసారి చేతిలో పెట్టి వదిలించుకునే పరిహారం కాకుండా, గాలిమర తిరిగినన్నాళ్లూ ఏటా వచ్చే రాబడిలో వాటాను లీజు ఒప్పందంలోనే రాయాలి.