కస్టమర్ తప్ప అందరూ చదివే వ్యాసాలు

రేణిగుంటలో జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసు ఉండటం తిరుపతి కుర్రాళ్లకు పెద్ద ధైర్యం. ఆ కంపెనీ బయటి పెట్టుబడి లేకుండానే అంత ఎదిగింది కాబట్టి మనమూ ఎదుగుతాం. అది 1996లో మొదలైందని, 2009 దాకా వేరే పేరుతో సరుకు అమ్ముకుంటూ వచ్చిందని గుర్తు చేసేవాళ్లు గిట్టనివాళ్లు.

సొంత డబ్బుతో కంపెనీ పెట్టాక ప్రకటనలకు డబ్బు ఉండదు కనుక, కస్టమర్లను రప్పించడానికి నెట్‌లో వ్యాసాలు రాయాలి. అది ఉచితం. రాసేవాడి ఆరు నెలల జీతం ఎవరూ ఇవ్వరు కాబట్టి ఖర్చు కింద రాదు.

బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అనుకోండి. మొదటి వ్యాసం తప్పనిసరిగా 'ఆతిథ్య రంగ భవిష్యత్తును మార్చే పది ట్రెండ్లు'. రెండోది 'మేం సొంత డబ్బుతోనే ఎందుకు నడుస్తున్నాం'. వీటిని లింక్డ్‌ఇన్‌లో లైక్ చేసేది సాటి ఫౌండర్లు. వాళ్లలో సగం మంది అమ్మేదీ లాడ్జీ సాఫ్ట్‌వేరే.

లాడ్జీ ఓనరు మాత్రం "తొమ్మిదొందల రూముకు జీఎస్టీ ఎంత వేయల్ల సామీ?" అంటాడు. పాపం, ఆయన సందేహం న్యాయమైనదే. రోజుకు వెయ్యి రూపాయల లోపు రూములకు లేని పన్ను 2022 జూలై 18న 12 శాతంగా వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 రూపాయల దాకా 5 శాతమైంది, కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది. ముందే అడ్వాన్స్ కట్టిన యాత్రికుడికి ఏ రేటు? విదేశీయుడు దిగితే 24 గంటల్లో ప్రభుత్వానికి ఆయన వివరాలు పంపేదెలా? ఇలాంటివి రాస్తే ఓనర్లు నిజంగా ఫోన్ చేసే ప్రమాదం ఉంది. పైగా స్థాయి తగ్గుతుంది.

స్థాయి నిలబెట్టుకోవాలంటే ఏఐతో ఒక్క రాత్రిలో రెండొందల వ్యాసాలు దింపాలి. ర్యాంకు కోసం పనికిరాని పేజీలు గుట్టలుగా పోస్తే, మనిషి రాసినా మెషీన్ రాసినా స్పామేనని గూగుల్ 2024 మార్చిలో తేల్చేసింది. ఫరవాలేదు, మన దగ్గర రెండు రకాలూ ఉన్నాయి.

ఫలితం కొలవడానికి ఇంప్రెషన్లు, అంటే వ్యాసం లింకు ఎన్నిసార్లు కనబడిందో చూడాలి, క్లిక్కులు చూడకూడదు. ఇంప్రెషన్ల గ్రాఫ్ పైకి లేస్తే నాన్నకు చూపించి ఇంకో ఆరు నెలల ఖర్చు అడగొచ్చు. ఎంత డబ్బు పెట్టినా వాటా అడగని ఇన్వెస్టర్ ఆయనొక్కడే.

ఈలోగా గాంధీ రోడ్డులో ఎవరో అకౌంటెంట్ కొత్త రేట్లు తెల్లకాగితం మీద రాసి, కింద తన ఫోన్ నంబరు వేసి, లాడ్జీల వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ ఫొటో వంకరగా ఉంటుంది, అందులో గూగుల్‌కు దొరకడానికి ఇరికించే కీవర్డ్ ఒక్కటీ ఉండదు. అయినా మధ్యాహ్నానికి ఆయన ఫోన్ ఎంగేజ్ వస్తుంది. మార్కెట్ ఎంత వెనకబడి ఉందో దీని మీద మన తర్వాతి వ్యాసం సిద్ధమవుతోంది.