భువనగిరి బండ మీద జానెడు

‘అలవాటైన గడప దాటితేనే అనుకున్నది అందుతుంది’ అన్న మాట ఒకటి చదవగానే మాలావత్ పూర్ణ గుర్తొచ్చింది. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. అందరూ ఆ శిఖరం గురించే చెబుతారు. నాకైతే భువనగిరి కోట ఉన్న బండే గొప్ప. పూర్ణ చదివిన గురుకులం పిల్లల పర్వతారోహణ శిక్షణ మొదలైంది అక్కడే. డార్జిలింగ్, లడఖ్ ఆ తర్వాతే.

పోయినేడు మా అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లాను. నడుముకు తాడు కట్టుకుని సగం ఎక్కి ఆగిపోయింది. “దిగొచ్చెయ్ తల్లీ” అనబోయి నోరు నొక్కుకున్నాను. పది నిమిషాలు బండను కరుచుకునే ఉంది. తర్వాత మెల్లగా కుడికాలు జానెడు పైకి జరిపింది. ఆ జానెడు చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయండీ.