60 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ పోయినట్టేనా? వేసవి సందేశంలో ఒక్కో మాటా చూద్దాం

ఎండలు ముదరగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: కంప్యూటర్ వేడి 60 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ దెబ్బతింటున్నట్టే. కేబినెట్ పక్క తలుపు తీసేసి ఎదురుగా టేబుల్ ఫ్యానో ఎయిర్ కూలరో పెట్టండి. మూడు నెలలకోసారి థర్మల్ పేస్ట్ దట్టంగా పూయండి, లేకపోతే టూత్‌పేస్ట్ అయినా సరే. ఫ్యాన్లు ఎన్ని పెడితే అంత చల్లన. దుమ్ముకు వాక్యూమ్ క్లీనర్ వాడండి.

ఇందులో కొన్ని మాటలు దండగ, కొన్ని నిజంగా నష్టం చేసేవి. వేడి ఎక్కడ ఆగిపోతోందో చూడకుండానే మందు చెప్పడం అన్నిటికంటే పెద్ద తప్పు.

"60 దాటితే ప్రమాదం"

కాదు. ఇంటెల్ కోర్ ఐ5-12400కి తయారీదారు పెట్టిన పై హద్దు 100 డిగ్రీల సెల్సియస్. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600ఎక్స్‌కి 95. రైజెన్ 7000 వరసలోని ఎక్స్ రకాలనైతే భారీ పని పడినప్పుడు 95 దాకా వెళ్లేలానే రూపొందించారు. హద్దుకు చేరిన ప్రాసెసర్ ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే సిస్టమ్ దానంతటదే ఆగిపోతుంది. ఆటలో, వీడియో ఎడిటింగ్‌లో 70, 80 కనిపించడం మామూలే. 60ని పట్టించుకోవలసింది హార్డ్ డిస్క్ విషయంలో. చాలా హార్డ్ డిస్కులకు అదే పై హద్దు.

గది వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫ్యాన్, హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మ) ఎంత మంచివైనా ప్రాసెసర్‌ను గది గాలికంటే చల్లగా చేయలేవు. జనవరిలో గది 28 డిగ్రీలున్నప్పుడు 70 చూపిన సిస్టమ్, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గది 40కి చేరితే అదే పనికి 82 దగ్గర చూపుతుంది. అక్కడ ఏదీ చెడిపోలేదు.

అందుకే ముందు కొలవాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, బరువైన పని ఒకటి 20 నిమిషాలు నడిపి చూడండి. పని మొదలైన కొన్ని సెకన్లలోనే అంకె 95కి ఎగబాకిందంటే హీట్‌సింక్ సరిగా ఆనలేదు, పేస్ట్ ఎండిపోయింది, లేదా హీట్‌సింక్ మీది ఫ్యాన్ తిరగడం లేదు. పావుగంట మెల్లమెల్లగా పెరుగుతూ పోయిందంటే కేబినెట్‌లో గాలి ఆడటం లేదు. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

"పక్క తలుపు తీసేయండి"

పరీక్షగా మంచిదే. తలుపు తీసి అదే పని మళ్లీ 20 నిమిషాలు నడపండి. అయిదారు డిగ్రీలు తగ్గితే ముందువైపు నుంచి గాలి చాలడం లేదని రుజువైనట్టే. అప్పుడు ముందు జాలీ వెనక ఉన్న ఫిల్టర్ తీసి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. తలుపును మాత్రం మళ్లీ బిగించాలి. తెరిచి ఉంచితే ముందునుంచి వెనక్కి సాగాల్సిన గాలి పక్కకు పోతుంది, దుమ్ము రెట్టింపవుతుంది. మన ఇళ్లలో బల్లులు కూడా దూరతాయి. బోర్డు మీద బల్లి పడితే షార్ట్ అవుతుంది.

ఆ సందేశంలో లేని అసలు దోషి చాలా ఇళ్లలో కంప్యూటర్ టేబులే. కింద మూడువైపులా చెక్క మూసిన అరలో కేబినెట్ పెడతారు. వెనకనుంచి వచ్చిన వేడిగాలి ఆ అరలోనే తిరిగి మళ్లీ ముందునుంచి లోపలికి పోతుంది. కేబినెట్ బయట పెట్టండి, వెనక గోడకు కనీసం 15 సెంటీమీటర్లు వదలండి. ఖర్చు లేని ఈ ఒక్క మార్పే చాలామందికి సరిపోతుంది.

"టేబుల్ ఫ్యానో ఎయిర్ కూలరో పెట్టండి"

టేబుల్ ఫ్యాన్ గదిలోని దుమ్మంతా తెచ్చి హీట్‌సింక్ రెక్కల మధ్య కుక్కుతుంది. ఎయిర్ కూలర్ ఇంకా చెడ్డది. అది పంపేది తడిగాలి, దానితో సన్నని తుంపర కూడా రావచ్చు. తడి, దుమ్ము కలిసి అట్టకడితే బ్రష్‌తో కూడా రాదు, మెటల్ భాగాలు తుప్పు పడతాయి. కూలర్ గదిని చల్లబరచనివ్వండి కానీ దాని మూతి కేబినెట్ వైపు ఉండకూడదు.

"మూడు నెలలకోసారి దట్టంగా పేస్ట్"

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంటల్లో గాలి చేరుతుంది, గాలి వేడిని దాదాపు మోయదు. ఆ గుంటలు నింపడమే పేస్ట్ పని. కానీ లోహంతో పోలిస్తే పేస్ట్ కూడా వేడిని చాలా తక్కువగా మోస్తుంది, కాబట్టి పొర పలుచగా ఉండాలి. చిన్న బఠాణీ గింజంత మధ్యలో పెట్టి హీట్‌సింక్ నొక్కితే అదే పరుచుకుంటుంది. ఎక్కువైనది అంచుల నుంచి కారి ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోకి దిగుతుంది. టూత్‌పేస్ట్‌లో ఉన్నది ప్రధానంగా నీరు, అరగదీసే పొడి. వేడికి నీరు ఆరిపోయి సుద్దలా గట్టిపడుతుంది, మొదటికంటే పరిస్థితి దిగజారుతుంది.

మంచి పేస్ట్ మూడు నాలుగేళ్లు నిలుస్తుంది. వేడి పెరగనంతవరకు కదిలించవద్దు, ఎందుకంటే విప్పిన ప్రతిసారీ విరిగే అవకాశం ఉంది. ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కు, అంటే హీట్‌సింక్, ఫ్యాన్ కలిసిన భాగానికి, నాలుగు ప్లాస్టిక్ పుష్‌పిన్లుంటాయి. తీసేటప్పుడు వాటి తలను బాణం చూపిన దిక్కుకు తిప్పి పైకి లాగాలి. బిగించేముందు వెనక్కి తిప్పి, ఎదురెదురు మూలల్లో రెండేసి చొప్పున టక్కుమనే దాకా నొక్కాలి. బోర్డు వెనక చూస్తే నాలుగుచోట్లా తెల్లని చీలిక కాళ్ల మధ్యకు నల్ల పిన్ను దిగి ఉండాలి. ఒక్కటి దిగకపోయినా హీట్‌సింక్ వాలిపోతుంది, కొత్త పేస్ట్ వేసినా 100 తగులుతుంది. "పేస్ట్ మార్చాక ఇంకా వేడెక్కుతోంది" అన్నచోట ముందు అనుమానించాల్సింది ఈ పిన్నునే.

ఏఎం4 సాకెట్ రైజెన్‌లలో మరో గండం ఉంది. పేస్ట్ గట్టిపడి అంటుకుంటే, హీట్‌సింక్ లాగినప్పుడు ప్రాసెసర్ కూడా ఊడివచ్చి దాని కాళ్లు వంగుతాయి. సిస్టమ్‌ను పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులూడని గుడ్డతో తుడవాలి.

"ఫ్యాన్లు ఎన్ని ఉంటే అంత చల్లన"

దిక్కు తప్పితే ఆరు ఫ్యాన్లూ దండగే. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే మామూలు ఇంటి సిస్టమ్‌కు చాలు. ఫ్యాన్‌లో మోటారును పట్టుకున్న ప్లాస్టిక్ కాళ్లు ఏ వైపుంటే గాలి అటే వెళుతుంది.

"వాక్యూమ్ క్లీనర్ వాడండి"

దాని గొట్టం దగ్గర స్థిర విద్యుత్ పుడుతుంది, బోర్డుకు అది మంచిది కాదు. టైరు పంచరు షాపు కంప్రెసర్ కూడా వద్దు, ఆ గాలిలో నీరు, నూనె వస్తాయి. మెత్తని పెయింట్ బ్రష్, చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్ చాలు. ఆరుబయట చేయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ దెబ్బతింటుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌కు బయటనుంచే గాలి కొట్టండి, డబ్బా మాత్రం విప్పవద్దు. అందులో విద్యుత్తును నిల్వచేసే పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాంతకం.

ఇవన్నీ సరిచేసినా మే నెలలో హద్దు తగులుతుంటే వేడి పుట్టడాన్నే తగ్గించండి. ఐ5-12400 మామూలుగా 65 వాట్ల ప్రాసెసర్ అయినా, టర్బోలో, అంటే వేగం పెంచుకుని పనిచేసేటప్పుడు, 117 దాకా లాగుతుంది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో, పవర్ లిమిట్‌ను 65 దగ్గర ఆపితే ఆటల్లో పెద్ద తేడా తెలియదు. వీడియో రెండరింగ్ లాంటి పనులు మాత్రం కాస్త ఆలస్యమవుతాయి. రైజెన్‌లలో ఈ పనికి ఎకో మోడ్ ఉంది. బయోస్ ముట్టుకోవడానికి జంకేవారు విండోస్ పవర్ ఆప్షన్లలో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతం చేస్తే చాలు, చాలా సిస్టమ్‌లలో టర్బో ఆగిపోతుంది. వానలు పడ్డాక తిరిగి 100కి మార్చుకోవచ్చు.