ఫీజు ఒక్కటే తేడా కాదు
చార్టర్ స్కూలంటే ఫీజు లేని ప్రైవేటు బడేనని ఒకరు రాశారు, ఒప్పుకోను. అమెరికాలో చార్టర్లను విడి సంస్థలు నడిపినా, నడిచేది ప్రభుత్వ డబ్బుతో. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు, మామూలుగా మార్కులు చూసి ఏరుకోవడం ఉండదు. మావాడికి స్పీచ్ థెరపీ కావాలి. టెక్సస్‌లో మేం వెళ్ళిన ప్రైవేటు బడివాళ్ళు ‘అది బయట చూసుకోండి’ అనేశారు. చార్టర్లో ఐఈపీ (ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లలకి విడిగా రాసే చదువు ప్రణాళిక) రాసి బడిలోనే ఇస్తున్నారు, పైసా అడగలేదు. ఫెడరల్ చట్టం ప్రకారం ఇవ్వాల్సిందే మరి. బస్సు మాత్రం లేదు. ఇద్దరం ఉద్యోగాలకు పోవాలి, పొద్దున్నే పిల్లల్ని దింపే కార్ల లైన్లో నరకం! మనవాళ్ళేమో కార్పొరేట్ కాలేజీ ర్యాంకుల అలవాటు కొద్దీ బడి రేటింగ్ తప్ప ఇంకేమీ అడగరు. కిందటేడు టీచర్లు ఎంతమంది మానేశారో కూడా అడగాలి.